మొదటి డెస్క్‌టాప్ సొంతంగా కట్టుకునేటప్పుడు ఏ పార్టు దేన్ని చూసి ఎంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇప్పటిదాకా ల్యాప్‌టాప్ మీదే పని నడిపారు, మొదటిసారి డెస్క్‌టాప్ మీరే అసెంబుల్ చేసుకోవాలనుకుంటున్నారు. పగలు ప్రోగ్రామింగ్, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్, రాత్రిళ్ళు ఆటలు. రాసుకున్న లిస్టులో రైజెన్ 7 7700ఎక్స్, ఒక బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ఒకే స్టిక్కు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్‌తో పాటే వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. మానిటర్ పాతదే, 1080పీ, 60 హెర్ట్జ్. ఇవి ఒకదానితో ఒకటి కలుస్తాయా, ఏమైనా మార్చాలా అన్నది ప్రశ్న.

కలుస్తాయి. అయితే ఈ లిస్టు యథాతథంగా కొంటే మొదటి రోజే ఆగిపోతారు, ఎందుకంటే ఇందులో కూలర్ లేదు. 7700ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు. అది పక్కన పెట్టినా నేనైతే ఇంకొన్ని మారుస్తాను: ప్రాసెసర్ ఒక మెట్టు దించి కూలర్‌తో వచ్చే రైజెన్ 5 7600 తీసుకుంటాను. అక్కడ మిగిలింది ర్యామ్‌ని రెండు స్టిక్కులు చెయ్యడానికి, గ్రాఫిక్స్ కార్డులో 16 జీబీ మోడల్‌కి వెళ్ళడానికి, ఎస్‌ఎస్‌డీని 1 టీబీ చెయ్యడానికి వాడతాను. ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం అసలు వాడను. బడ్జెట్ అన్నిటికీ చాలకపోతే మిగతావి తర్వాత చేసుకోవచ్చు గానీ, ఎస్‌ఎంపీఎస్ దగ్గర సర్దుకోవద్దు.

మొదటిసారి కట్టేవాళ్ళు దాదాపు అందరూ ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టి, మిగిలిన డబ్బుని మిగతావాటికి పంచుతారు. దానివల్లే ఇలాంటి లిస్టులు వస్తాయి. ఏ పార్టునైనా దాని పక్కన కూర్చునే పార్టు స్పెక్ షీట్ చూసి ఎంచుకోవాలి. మానిటర్‌ని బట్టి గ్రాఫిక్స్ కార్డు, ఆ రెండిటినీ మీ పనినీ బట్టి ప్రాసెసర్, ప్రాసెసర్‌ని బట్టి బోర్డూ ర్యామూ, వీటన్నిటి వాట్లు కలిపి ఎస్‌ఎంపీఎస్, వీటన్నిటి కొలతలు చూసి క్యాబినెట్. ఈ వరసలో వెళ్తే ఎక్కడ డబ్బు వృథా అవుతోందో మీకే కనిపిస్తుంది.

మానిటర్, గ్రాఫిక్స్ కార్డు

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లే బొమ్మ మారుస్తుంది. కార్డు 140 ఫ్రేములు తయారుచేసినా కంటికి అందేవి 60. అంటే మీ లిస్టులోని ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఇచ్చే వేగంలో సగానికి పైగా ఆ పాత మానిటర్ దగ్గరే ఆగిపోతుంది. ఆరు నెలల్లో మానిటర్ మార్చే ఉద్దేశం ఉంటే ఆ కొత్త మానిటర్‌ని దృష్టిలో పెట్టుకునే కార్డు కొనండి. మార్చే ఉద్దేశమే లేకపోతే ఇంతకంటే చిన్న కార్డు చాలు.

1080పీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. పిక్సెళ్ళు పెరిగేకొద్దీ బరువు గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, ప్రాసెసర్ పని పెద్దగా మారదు. అందుకే 1440పీకి వెళ్తున్న కొద్దీ 7600కీ 7700ఎక్స్‌కీ ఆటల్లో తేడా దాదాపు కనిపించకుండా పోతుంది. ఫ్రేముల సంఖ్యే ప్రాణమైన పోటీ ఆటలు తక్కువ సెట్టింగుల్లో, 240 హెర్ట్జ్ మీద ఆడేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ప్రాసెసరే ముఖ్యం. వాళ్ళకైతే ఎక్కువ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉన్న ఎక్స్‌3డీ రకాలు చూడమంటాను.

5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలున్నాయి. చిప్ ఒకటే, వాడే కరెంటు ఒకటే, 180 వాట్లు. తేడా మెమరీలోనే. ఆటలో టెక్స్చర్లు 8 జీబీ దాటగానే మిగిలినవి మామూలు ర్యామ్‌లోకి జారి, కార్డు బోర్డులో కూర్చునే పీసీఐఈ స్లాట్ గుండా వచ్చిపోతుంటాయి. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి గానీ మధ్యమధ్యలో టక్కున ఆగినట్టు అవుతుంది. పైగా ఈ కార్డు స్లాట్‌లో ఉండే 16 లేన్లలో (డేటా దారుల్లో) 8 మాత్రమే వాడుకుంటుంది. కాబట్టి పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే ఆ కుదుపు ఇంకా ఎక్కువ. వీడియో ఎడిటింగ్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ లాంటి బరువైన ఎఫెక్టు వేస్తే 8 జీబీ ఇట్టే నిండిపోయి, మెమరీ చాలలేదని ఎడిటరే మొరాయిస్తుంది. మీ పని ప్రకారం 16 జీబీ మోడలే సరైనది.

ఏఎండీ వైపు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ కూడా ఇదే తరగతి కార్డు. ఆటలకే అయితే రెండిట్లో మీకు చవగ్గా దొరికేది తీసుకోండి. ఎన్‌విడియా కార్డుల మీదే నడిచే CUDA అనే వ్యవస్థ మీద ఆధారపడే సాఫ్ట్‌వేరు వాడుతున్నా, ఇంట్లోనే ఏఐ మోడళ్ళు నడిపి చూడాలనుకున్నా ఎన్‌విడియా తీసుకుంటే తలనొప్పులు తక్కువ. కెమెరా నుంచి 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువుండే) ఫుటేజీ తెచ్చుకునేవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి. దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చెయ్యగలిగేవి కొన్నే. ఎన్‌విడియాలో ఆ సదుపాయం 50 సిరీస్‌తోనే వచ్చింది, ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్‌లో 11వ తరం నుంచి ఉంది. ఫోన్‌తో తీసిన వీడియోలకి ఈ బెడద లేదు.

ప్రాసెసర్

7600కి 6 కోర్లు, 7700ఎక్స్‌కి 8. మీరు రాసే ప్రోగ్రాములు వెబ్, పైథాన్ తరహావి అయితే ఆ రెండు కోర్ల తేడా రోజువారీ పనిలో తెలియదు. పెద్ద సీ++ లేదా రస్ట్ ప్రాజెక్టులు రోజుకి పదిసార్లు పూర్తిగా కంపైల్ చేస్తుంటే మాత్రం తెలుస్తుంది. ఆ పరిస్థితిలో 7700ఎక్స్ బదులు ఎక్స్ లేని 7700 చూడండి. అవే 8 కోర్లు, 65 వాట్ల రకం, పెట్టెలో కూలర్ కూడా వస్తుంది.

ఇక్కడ వాట్ల లెక్క ఒకటి తెలిసి ఉండాలి. పెట్టె మీది టీడీపీ అంకె (వేడి లెక్క కోసం రాసే వాట్లు) ప్రాసెసర్ నిజంగా లాగే కరెంటు కాదు. ఏఎం5 (ఈ రైజెన్‌లు కూర్చునే సాకెట్) మీద 65 వాట్ల రకం గరిష్ఠంగా 88 వాట్లు, 105 వాట్ల రకం 142 వాట్లు, 170 వాట్ల రకం 230 వాట్లు తీసుకోగలవు. ఇంటెల్‌లో కోర్ ఐ9 14900కే మీద 125 అని రాసి ఉన్నా గరిష్ఠ పరిమితి 253. కూలర్‌నీ ఎస్‌ఎంపీఎస్‌నీ ఈ రెండో అంకెతోనే లెక్క కట్టాలి.

పేరు చివర ఉండే అక్షరాలు కూడా చూడండి. ఇంటెల్‌లో ఎఫ్ అని ఉంటే సొంత గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీ 7500ఎఫ్ కూడా అంతే. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, ఆటలకి పనికిరాదు. కానీ మొదటి బిల్డుకి అది చాలా మేలు చేస్తుంది: స్క్రీన్ మీద ఏమీ రాకపోతే గ్రాఫిక్స్ కార్డు తీసేసి, బోర్డుకున్న పోర్టుకి కేబుల్ పెట్టి, తప్పు కార్డుదా మిగతావాటిదా అని ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఎఫ్ రకంలో ఆ దారి ఉండదు, ఇంకో కార్డు అరువు తెచ్చుకోవాలి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో, ముఖ్యంగా పై రకాల్లో, వోల్టేజీ ఎక్కువై చిప్ క్రమంగా పాడయ్యే సమస్య బయటపడింది. 2024 ఆగస్టు నుంచి దానికి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రాము) సవరణలు బయోస్ (ఆన్ చెయ్యగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రాము) అప్‌డేట్‌ల ద్వారా వచ్చాయి. ఆ తరాలు కొంటే మొట్టమొదట బయోస్ అప్‌డేట్ చెయ్యండి, తర్వాతే మిగతా పని. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం ఆ తరాల ఐ7, ఐ9 కొనొద్దంటాను. ఇంతకుముందు ఎలా వాడారో మీకు తెలిసే మార్గం లేదు, జరిగిన నష్టాన్ని అప్‌డేట్ బాగుచెయ్యదు.

బోర్డు

బీ650 ఎంపిక బాగుంది. ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా దానికి మద్దతు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు 7600తో మొదలుపెట్టి రెండు మూడేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డుకి ఆ వెసులుబాటు లేదు, దాని తరాలు 14తో అయిపోయాయి.

బోర్డు ఎంచుకునేటప్పుడు చిప్‌సెట్ పేరు (బీ650 లాంటిది) కంటే ఇవి చూడండి. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందా? ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకోవచ్చు. పాత స్టాకు బీ650 బోర్డులో రైజెన్ 9000 పెడితే బూట్ కాకపోవచ్చు, అప్పుడు ఈ బటనే దిక్కు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ పేరుని మాన్యువల్‌లో చెప్పినట్టే మార్చాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా లైటు కాసేపు వెలిగి ఆగిపోతుంది తప్ప పని జరగదు. తర్వాత, సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న లైట్లున్నాయా? స్పీకర్ బీప్‌లు లేని ఈ కాలంలో తప్పు ఎక్కడుందో చెప్పేవి అవే. ఎం.2 స్లాట్లు (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోట్లు) కనీసం రెండు ఉండాలి. రెండోదాంట్లో డ్రైవు పెడితే కొన్ని బోర్డుల్లో సాటా పోర్టులు (హార్డ్ డిస్కులు, పాత రకం ఎస్‌ఎస్‌డీలు తగిలించేవి) పనిచెయ్యడం మానేస్తాయి, ఈ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్యాబినెట్ ముందు టైప్-సి పోర్టు ఉంటే దాని కేబుల్ తగిలించే కనెక్టరు బోర్డు మీద ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పోర్టు అలంకారానికే. వైఫై కావాలంటే పేరులో వైఫై అని ఉన్న మోడలే తీసుకోండి.

సైజు విషయంలో మైక్రో ఏటీఎక్స్ చాలు. మీరు పెట్టబోయేది ఒక్క గ్రాఫిక్స్ కార్డే.

ర్యామ్

డీడీఆర్5లో ఒక స్టిక్కులోనే రెండు చిన్న చానెళ్ళుంటాయి కాబట్టి ఒకటే స్టిక్కు పెట్టినా డ్యూయల్ చానెల్ అవుతుందని చాలామంది నమ్ముతున్నారు. అవ్వదు. ఆ చిన్న చానెళ్ళు ఒక్కోటి 32 బిట్లే, రెండూ కలిపితే 64. రెండు స్టిక్కులు పెడితేనే 128 బిట్ల పూర్తి వెడల్పు వస్తుంది. 16 జీబీ ఒక స్టిక్కు బదులు అదే 16ని 8+8గా తీసుకోవడం ఒక దారి, కానీ ఎడిటింగ్ ఉంది కనుక మీకు 16+16 సరైనది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఆ బాధ నాకు తెలుసు. ఇప్పటికిప్పుడు 32 కుదరకపోతే 8+8తో మొదలుపెట్టి తర్వాత ఆ రెండూ అమ్మేసి 16+16 వేసుకోండి. ఉన్నవాటి పక్కనే ఇంకో రెండు చేర్చుదామని మాత్రం అనుకోకండి. ఏఎం5 మీద నాలుగు స్లాట్లూ నింపితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. రెండు స్టిక్కులతో రైజెన్ 7000కి అది 5200. అంతకుమించి నడిపేదంతా ఓవర్‌క్లాకే. అది రెండు స్టిక్కులతో తేలిగ్గా కుదురుతుంది, నాలుగింటితో చాలాసార్లు కుదరదు.

కొనాల్సిన రకం: 6000 వేగం, సీఎల్30 లేదా సీఎల్36 (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడానికి పట్టే క్లాక్ చక్రాలు), ఎక్స్‌పో (ఏఎండీ బోర్డులో ర్యామ్‌ని పెట్టె మీది వేగంతో నడిపించే సెట్టింగు) ప్రొఫైల్ ఉన్న రెండు స్టిక్కుల కిట్. ఒకే పెట్టెలో వచ్చిన జత అయ్యుండాలి. రైజెన్ 7000, 9000లకి 6000 దాటాక వచ్చే లాభం చాలా తక్కువ, స్థిరంగా నడవకపోయే అవకాశం ఎక్కువ. సీఎల్ అంకెని ఒంటరిగా చూడకండి. అసలు ఆలస్యం కావాలంటే సీఎల్‌ని 2000తో గుణించి వేగంతో భాగించండి: 6000 సీఎల్30కి 10 నానోసెకన్లు, పాత డీడీఆర్4 3200 సీఎల్16కి కూడా 10 నానోసెకన్లే.

పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్. ఒకటి, రెండులో పక్కపక్కన పెడితే మళ్ళీ సింగిల్ చానెలే.

ఎవరి దగ్గరైనా డీడీఆర్4 ర్యామ్ ముందే ఉంటే లెక్క మారుతుంది. ఏఎం4 బోర్డు, రైజెన్ 5000 తీసుకుని ఆ ర్యామ్ వాడుకోవడం ఈ ధరల్లో తెలివైన పనే. డీడీఆర్4 స్టిక్కు డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు, గాటు వేరేచోట ఉంటుంది, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది.

ఎస్‌ఎస్‌డీ

512 జీబీలో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోను రెండు పెద్ద ఆటలు పెడితే అయిపోతుంది. 1 టీబీ, పీసీఐఈ 4.0 ఎన్‌వీఎంఈ, 2280 సైజు. సెకనుకి 7000 ఎంబీ అన్న అంకెకీ 5000 అన్న అంకెకీ మీ పనిలో తేడా కనిపించదు. టీఎల్‌సీనా క్యూఎల్‌సీనా (ఒక్కో మెమరీ సెల్లులో మూడు బిట్లా, నాలుగు బిట్లా) అన్నది మాత్రం కనిపిస్తుంది. క్యూఎల్‌సీ డ్రైవులో పెద్ద వీడియో ఫైళ్ళు కాపీ చేస్తుంటే మొదట దూసుకుపోయి, క్యాష్ నిండగానే కొన్ని డ్రైవులు పాత సాటా ఎస్‌ఎస్‌డీ కన్నా కిందికి దిగిపోతాయి. ఎడిటింగ్ చేసేవాళ్ళకి టీఎల్‌సీ.

ఎస్‌ఎంపీఎస్

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. మిగతా ఏ పార్టు పోయినా అదొక్కటే పోతుంది, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే బోర్డునో కార్డునో వెంట తీసుకుపోగలదు.

పక్కన అంటించిన స్టిక్కర్ చదవండి. అందులో చిన్న పట్టిక ఉంటుంది: 3.3 వోల్ట్లు, 5 వోల్ట్లు, 12 వోల్ట్లు, ఒక్కోదాని కింద ఆంపియర్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్ట్ల లైను మీదే బతుకుతాయి. ఆ ఆంపియర్లని 12తో గుణించండి. 37 ఆంపియర్లుంటే 444 వాట్లు, అంటే పెట్టె మీద 450 అన్నది నిజం. పెద్ద అక్షరాలతో 450 అని వేసి, పట్టికలో 12 వోల్ట్ల దగ్గర 20 ఆంపియర్లే ఉంటే అది 240 వాట్ల సరుకు. 12వీ1, 12వీ2 అని రెండు లైన్లు రాసి ఉంటే ఆ రెండూ కూడకండి, కింద రెండిటికీ కలిపి ఇచ్చిన గరిష్ఠ వాట్లు చూడండి. ఆ పట్టికే లేకపోతే కొనొద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ పరీక్షలోనే పోతాయి.

ఇప్పుడు మీ లెక్క. 7600కి 88, కార్డుకి 180, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి ఓ 60. మొత్తం 330 లోపు. 7700ఎక్స్ అయితే 380 దాకా. మరి మంచి 450 చాలదా అంటే, సగటుకి చాలుతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల పాటు తమ పరిమితిని బాగా దాటి లాగుతాయి. ఆ క్షణంలో ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతే రక్షణ కోసం ఆపేసుకుంటుంది. ఆట మధ్యలో పీసీ ఎర్రర్ ఏమీ చూపకుండా ఠక్కున ఆరిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే, చాలామంది కార్డుని మారుస్తారు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఈ క్షణిక భారాన్ని తట్టుకోవాలన్న నిబంధన చేర్చారు. కాబట్టి ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్న 650 వాట్లది తీసుకోండి. రేపు 250 వాట్ల కార్డుకి వెళ్ళినా ఇదే పనికొస్తుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత పొదుపుగా మారుస్తుందో చెప్తాయి, నాణ్యతకి సర్టిఫికెట్ కాదు. 300 వాట్లు ఇవ్వడానికి 90 శాతం సామర్థ్యమున్నది గోడ నుంచి 333 తీసుకుంటే, 85 శాతమున్నది 353 తీసుకుంటుంది. తేడా ఇరవై వాట్లే. మంచి బ్రాంజ్ నాసి గోల్డ్ కన్నా మేలు. వారంటీ ఎన్నేళ్ళన్నది ఇంతకంటే నమ్మదగిన గుర్తు, ఐదేళ్ళ కన్నా తక్కువైతే ఇంకోటి చూడండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళని ఇంకో ఎస్‌ఎంపీఎస్‌కి వాడొద్దు. పార్టు వైపు కనెక్టరు అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకి ఏ ప్రమాణమూ లేదు. ప్లగ్ చక్కగా పడుతుంది, 5 వోల్ట్లు వెళ్ళాల్సిన తీగలో 12 వెళ్తుంది, స్విచ్ వేసిన మరుక్షణం ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్కులు కాలిపోతాయి. ఒకే కంపెనీ రెండు మోడళ్ళ మధ్య కూడా ఇది జరుగుతుంది.

అలాగే ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల కేబుల్, కార్డుకి వెళ్ళే 8 పిన్నుల కేబుల్ వేరు వేరు. మొదటిది 4+4గా విడిపోతుంది, రెండోది 6+2గా. మీరు కొనే కార్డు మోడల్‌కి కొత్త 12వీ-2×6 కనెక్టరు ఉంటే దాన్ని చివరిదాకా నొక్కండి, సందు కనిపించకూడదు. ప్లగ్ దగ్గరే కేబుల్‌ని వంచకుండా కాస్త దూరం నిటారుగా వదలండి. ఆ కనెక్టర్లు కరిగిన సందర్భాల్లో సరిగ్గా దిగకపోవడం ఒక ముఖ్య కారణం.

క్యాబినెట్, కూలర్

ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్ తీసుకోండి. అద్దం బిగించిన ముందు భాగం వెనక ఎన్ని ఫ్యాన్లున్నా వాటికి గాలి అందదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, మీకిది సరిపోతుంది.

కొలతలు మూడు చూడాలి: కార్డు పొడవు, కూలర్ ఎత్తు, బోర్డు సైజు. ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ బిగిస్తే కార్డుకి మిగిలే చోటు తగ్గుతుంది. రేడియేటర్ సుమారు 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25, మొత్తం 52. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు సాధారణంగా 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్నటి క్యాబినెట్లలో తలుపు పడదు.

7600తో వచ్చే చిన్న కూలర్ పని కానిస్తుంది, ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ అప్పుడు మోత చేస్తుంది. నాలుగు హీట్ పైపులున్న ఒంటి టవర్ కూలర్ వేస్తే నిశ్శబ్దంగా ఉంటుంది. ఈ తరగతి ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ అవసరం లేదు. పాత ఏఎం4 కూలర్ ఉంటే, అది బోర్డుతో వచ్చిన బ్యాక్‌ప్లేట్‌నే వాడుకునే రకమైతే ఏఎం5కి పడుతుంది. సొంత బ్యాక్‌ప్లేట్ కావాలనేదైతే పడదు, ఏఎం5లో ఆ ప్లేట్ సాకెట్‌నే పట్టుకుని ఉంటుంది కాబట్టి తీసేయలేం.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పార్టులు నెలకొకటి చొప్పున కొనకండి. బోర్డు పాడైందని నాలుగో నెలలో ప్రాసెసర్ వచ్చాక తెలిస్తే మార్పిడి గడువు ఎప్పుడో అయిపోయుంటుంది. డబ్బు పోగుచేసుకుని వారం పది రోజుల్లో అన్నీ తెప్పించుకుని వెంటనే ఆన్ చేసి చూడండి. సెకండ్ హ్యాండ్ కార్డు పరీక్షించి తీసుకోవచ్చు, క్యాబినెట్ కూడా. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే.

అన్నీ క్యాబినెట్‌లో బిగించక ముందే బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, ర్యామ్, కూలర్ తగిలించి ఒకసారి ఆన్ చేయండి. ఏఎం5లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, వేలు తగిలినా వంగుతాయి. ప్రాసెసర్ మూల మీది త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజంతో కలిపి, నొక్కకుండా దానంతట అదే కూర్చునేలా వదలండి. సాకెట్ మీద ఉండే ప్లాస్టిక్ మూత పారేయొద్దు, బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే అది పెట్టే పంపాలి. కూలర్ అడుగున, ఎం.2 హీట్‌సింక్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, పీకేయాలి. పీకకుండా బిగించారంటే ప్రాసెసర్ నిమిషంలో 95 డిగ్రీలకి చేరి వేగం తగ్గించుకుంటుంది.

క్యాబినెట్‌లో బోర్డు కింద ఉండే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెడుతూ ఏటీఎక్స్ కోసం ఉన్న స్టాండాఫ్ ఒకటి తీయకుండా వదిలేస్తే అది బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీర్యామ్ లైటు వెలిగి స్క్రీన్ నల్లగా ఉండిపోతే భయపడి స్విచ్ ఆపకండి. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పదిహేను నిమిషాలైనా అలాగే ఉంటే అప్పుడు ఆపి, ర్యామ్ తీసి రెండువైపులా టక్కుమని వినబడేదాకా నొక్కి పెట్టండి. ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. సీపీయూ లైటు వెలిగితే పైమూలన ఉండే 8 పిన్నుల కేబుల్ మర్చిపోయుంటారు. అన్నీ సరిగ్గా ఉండి బొమ్మ రాకపోతే మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకి కాక కార్డు పోర్టుకి పెట్టారా చూసుకోండి.

బొమ్మ వచ్చాక బయోస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి, తర్వాత ఎక్స్‌పో ఆన్ చేయండి. ఆన్ చెయ్యకపోతే 6000 అని కొన్న ర్యామ్ సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంటుంది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ఆ అంకె కనిపిస్తుంది. ఆ తర్వాత మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్స్‌పో ఆపి మళ్ళీ పరీక్షించండి: ఆపాక ఎర్రర్లు పోతే వేగం 5600కి దించి వాడుకోవచ్చు లేదా కిట్ మార్పించుకోవచ్చు, ఆపాక కూడా వస్తే ఆ స్టిక్కు పాడైందే, గడువు దాటకముందే వెనక్కి పంపండి.